ఆటపెట్టెయు దాని బొమ్మయు

మన భాషలో "బొమ్మ" యను మాట మిక్కిలి విశాలమైనది. పిల్లవాడు నేలపై దొరలించునదియు బొమ్మయే, గోడకు వ్రేలాడునదియు బొమ్మయే, సినిమాతెఱపై కదలునదియు బొమ్మయే. పండుగనాడు మెట్లపై వరుసలు తీర్చి, పేరంటాండ్రను పిలిచి చూపునవియు బొమ్మలే. కాని ఆ కొలువులోని బొమ్మలను ముట్టుకొని ఆడుటకు పిల్లలకు సెలవు లేదు. ఆడుకొనుటకు ఒక బొమ్మ, చూచుటకు ఒక బొమ్మ. ఆడుబొమ్మ చూడుబొమ్మగా మారుట ఎట్లు జరుగును? మారినపుడు ఏది నిలుచును, ఏది పోవును? ఈ ప్రశ్నను విచారించుటకు నేడు నేనొక విదేశపు ఆట చరిత్రను ఎత్తుకొంటిని. దాని పేరు పాక్‌మాన్. నాణెము వేసి, ఎదుట నిలుచుండి ఆడవలసిన నిలువెత్తు పెట్టెగా అది 1980లో జపానుదేశమున పుట్టినది. ఆ పెట్టెను పోలిన ప్రదర్శనపు బొమ్మ యొకటి, ప్లాస్టికు ముక్కలతో కూర్చునది, 2023లో అంగళ్లకు వచ్చినది. ఈ రెండింటి నడుమ 43 సంవత్సరముల కథ యున్నది.

సంగారెడ్డి, పటాన్‌చెరువుల నడుమ నివసించువారికి ఈ కథతో నేమి పని యని శ్రోతలు అడుగవచ్చును. మాది యంత్రములను చేయు సీమ. రామచంద్రాపురమున 1960ల దశకమునందు చెకోస్లొవేకియా సాంకేతిక సహాయముతో వెలసిన భారీ విద్యుత్పరికరముల కర్మాగారము మొదలుకొని, 1984లో ఎద్దుమైలారమున నెలకొన్న ఆయుధ కర్మాగారము వఱకు, జహీరాబాదున ఆల్విన్-నిస్సాన్ పేరిట తేలికలారీలు తయారైన శాల వఱకు, ఇచటి జనము ఇనుముతోను, రంగులతోను, మందులతోను, ప్లాస్టికుతోను బ్రదుకు సాగించినది. యంత్రము పాతబడిన పిదప దాని గతి యేమగునో మాకు బాగుగ తెలియును. తుక్కు కొనువాడు వచ్చి తూచుకొని పోవును. అట్టివారికి, ఒక దేశపు పాతయంత్రము తుక్కులోనికి పోక లోకమంతటి యిండ్లలో కొలువు తీరిన వృత్తాంతము వినదగినదే.

కథ కొయ్యగుఱ్ఱములతో మొదలగుచున్నది. 1955లో మసాయా నకమురా అను నాతడు చిన్న సంస్థ నొకటి స్థాపించి, యోకొహామా నగరమున ఒక పెద్ద దుకాణపు మిద్దెపై రెండు కొయ్యగుఱ్ఱములను నిలిపెను. అంగడికి వచ్చిన తల్లుల వెంటనున్న పిల్లలు వానిపై ఎక్కి ఊగెడివారు. నామ్‌కో యని పిదప ప్రసిద్ధి కెక్కిన సంస్థకు ఇదే మొదలు. నామ్‌కో యను పేరు కూడ నకమురా పేరులోనుండి వచ్చినదే. మన జాతరలలో రంగులరాట్నము వాడు కొయ్యగుఱ్ఱములపై పిల్లలను త్రిప్పి కాసులు పుచ్చుకొనుట కిదియు భిన్నము కాదు. ఆట యొక కొద్ది నిమిషముల సుఖము. దానికి వెల యొక చిన్న నాణెము. ఈ బేరమే తరువాతి కథ కంతకును పునాది.

విద్యుత్తు ఈ బేరములోనికి వచ్చుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1971లో అమెరికాలో కంప్యూటర్ స్పేస్ అను నాణెపు ఆట వెలువడెను. అది జనమునకు కొఱుకుడు పడలేదు. 1972లో అటారి సంస్థ పాంగ్ అను ఆటను తెచ్చెను. తెఱపై రెండు గీతలు, ఒక చుక్క. చుక్కను అటునిటు కొట్టుటయే ఆట. నియమము ఒక్క చూపులో తెలియుటచే అది పానశాలలలోను, విడిదిండ్లలోను వ్యాపించెను. 1978లో జపానునందు తైతో సంస్థకు చెందిన తొమొహిరో నిషికాదో స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటను నిర్మించెను. ఆకాశమునుండి వరుసలుగా దిగివచ్చు శత్రువులను కాల్చుట అందలి పని. దానితో జపానునందు ఆటశాలలు పుట్టగొడుగులవలె లేచెను. ఆ శాలలలో చీకటి, పొగ, కాల్పుల మోత, నిలుచుండువారందఱును మగవారే.

తోరు ఇవతాని అను యువకుడు 1977లో నామ్‌కోలో ఉద్యోగమున చేరెను. 1955లో, అనగా ఆ సంస్థ పుట్టిన సంవత్సరముననే, పుట్టినవాడు. ఆటశాలలను చూచి అతడు తలపోసిన దేమనగా, స్త్రీలును దంపతులును వచ్చి కూర్చుండదగిన ఆట యొకటి కావలెను, అందు చంపుట ముఖ్యము కారాదు. స్త్రీలకు ఇష్టమైన విషయములను లెక్కించుచు అతడు తినుట యను పనికడ నిలిచెను. ఒక ముక్క తీసివేసిన పిజ్జా నోరు తెఱచిన మొగమువలె కనబడెనని అతడు పలుమాఱులు చెప్పియున్నాడు. నోరు అను అర్థము గల జపాను అక్షరపు చతురస్రాకారమును గుండ్రముగ మార్చుట కూడ ఈ రూపమునకు ఒక కారణమని తానే చెప్పెను. పెదవు లాడించుచు తినుటను జపానువారు "పకు పకు" అందురు. మనము "గబగబ" యనునట్లే అదియు ధ్వన్యనుకరణము. ఆ మాటనుండియే ఆటకు పేరు వచ్చినది.

షిగియో ఫునాకి ఆటకు వలయు ఆజ్ఞాపరంపరను వ్రాసెను. తోషియో కాయ్ సంగీతమును ధ్వనులను కూర్చెను. కొద్దిమంది బృందము ఒక సంవత్సరమునకు మించి శ్రమించిన పిదప, 1980 మే 22వ తేదీన తోక్యో నగరమున షిబుయా పేటలో దానిని తొలిసారి జనమునకు పరీక్షార్థము చూపిరి. ఆ సంవత్సరముననే అది అమెరికాకు పోయెను. అచట మిడ్‌వే సంస్థ దానిని తయారుచేసి అమ్మెను. జపానునందు మొదట "పక్‌మాన్" అని యుండిన పేరులోని తొలి అక్షరమును అల్లరివారు గీచి బూతుమాటగ మార్తురను భయముతో "పాక్‌మాన్" అని దిద్దిరి. అమెరికాలోనే సుమారు లక్ష పెట్టెలు అమ్ముడుపోయెను. 25 సెంట్ల నాణె మొక్కటి వేసిన ఒక ఆట. ఆ నాణెములతో ఎన్ని సంచులు నిండెనో ఊహించుకొనవచ్చును.

ఇక పెట్టెలోని ఆటను చూతము. తెలుగువాని కంటికి ఆ తెఱ మొదట చుక్కలముగ్గువలె కనబడును. నల్లని నేలపై నీలిగీతలతో చిక్కుదారులు, ఆ దారుల పొడవున 240 చిన్న చుక్కలు, నాలుగు మూలల నాలుగు పెద్ద చుక్కలు. పసుపుపచ్చని గుండ్రని మొగము ఆ చుక్కలన్నింటిని తినవలెను. వెంట నాలుగు దయ్యములు తఱుముచుండును. దయ్యము తాకిన ప్రాణము పోవును. కాని మూలనున్న పెద్ద చుక్కను తిన్నంతనే కొన్ని నిమేషములపాటు లోకము తలక్రిందులగును. దయ్యములు నీలవర్ణము దాల్చి పాఱిపోవును. తఱుమబడినవాడు తఱుమువా డగును. మొదటి దయ్యమును పట్టిన 200, రెండవదానికి 400, మూడవదానికి 800, నాలుగవదానికి 1600 అంకెలు లభించును.

ఈ తలక్రిందులగుట మనకు క్రొత్త కాదు. మన పులి-మేక ఆటను తలచుకొనుడు. మూడు పులులకు ఎదురుగ పదునైదు మేకలు. పులి మేకపై దూకి చంపును. మేక పులిని చంపజాలదు. ఐనను మేకలు ఒత్తుగ నిలిచి, దూకుటకు చోటు లేకుండ చేసి, పులిని కట్టివేయును. బలవంతుడు నోరులేనివారి నడుమ చిక్కుపడుట అందలి రసము. పాక్‌మానునందు బలహీనుడు ఒక్కడే, బలవంతులు నలుగురు. ఐనను ఉపాయముచే లోకము మాఱుపడును. వేటగాడును వేటయు తావులు మార్చుకొనుట యను ఊహ మానవులకు ఎంత ప్రీతికరమో ఈ రెండు ఆటలును చెప్పుచున్నవి. ఒకటి రాతిపై బొగ్గుతో గీచినది, ఒకటి గాజుతెఱపై విద్యుత్తు గీచినది.

ఆ నాలుగు దయ్యములును ఒకేరీతి తఱిమిన యెడల ఆట రెండుదినములలో విసుగు పుట్టించియుండును. ఇవతాని బృందము ఒక్కొక్క దానికి ఒక్కొక్క స్వభావము నిచ్చెను. ఎఱ్ఱది నేరుగ వెంటబడును. గులాబివన్నెది మనము పోవుచున్న దిక్కున నాలుగు గడుల ముందునకు గుఱి పెట్టి అడ్డగింప జూచును. నీలిది మన ముందరి చోటును, ఎఱ్ఱదయ్య మున్న చోటును రెంటిని చూచి లెక్క వేసికొనును. కావున దాని నడక తెలియరాదు. నారింజవన్నెది దూరముననున్నపుడు తఱుమును, ఎనిమిది గడుల దాపునకు రాగానే వెనుదీసి తన మూలకు పోవును. మఱియు అవి ఎల్లపుడు తఱుమవు. మొదటి మెట్టున 7 సెకండ్లు తమతమ మూలలకు చెదరిపోయి, పిదప 20 సెకండ్లు తఱుమును. ఆ చెదరిన క్షణములలో ఆడువాడు ఊపిరి పీల్చుకొనును. విడువక తఱిమిన ఆట శిక్ష యగును. నడుమ సందు దొరకిన ఆట వినోద మగును. ఈ మర్మ మెఱిగి చేసిన పని యిది.

ఇంత పని చేసిన యంత్రము ఎంతటిదనుకొందురు? జైలాగ్ సంస్థవారి జెడ్80 అను చిన్న సూక్ష్మప్రక్రియకము, సెకండునకు సుమారు 30 లక్షల స్పందనలతో నడచునది. ఆజ్ఞలన్నియు ఇమిడిన జ్ఞాపకము 16 కిలోబైట్లు మాత్రమే. నేడు మన చేతిలోని ఫోనున తీసిన ఒక్క ఛాయాచిత్రము దానికంటె వందల రెట్లు పెద్దది. ఆ ఇఱుకు చోటు వలననే ఒక వింత కలిగెను. మెట్ల లెక్క ఎనిమిది బిట్లలో ఇముడునది. అందు 255 వఱకే అంకె పట్టును. 256వ మెట్టున లెక్క తప్పి, తెఱ కుడిసగ మంతయు అక్షరముల చిందరవందర యగును. ఆ మెట్టు దాటుటకు వీలు లేదు. అంతము లేనిదని తలచి చేసిన ఆటకు యంత్రమే అంతమును విధించెను. అచటివఱకు ఒక్క ప్రాణమైనను పోగొట్టుకొనక, చిక్కిన ప్రతి అంకెను పొందినవానికి 33,33,360 వచ్చునని ఆడువారు గణించిరి.

ఆడువారు ఇంకొకటి కూడ కనుగొనిరి. దయ్యములు తఱుముటలో అదృష్టమునకు పాలు లేదు. మనము ఒకే దారిన నడచిన అవియు ప్రతిసారి ఒకేరీతిని నడచును. కావున దారులను కంఠస్థము చేసి, కాగితములపై గీచి, ఒకరి కొకరు నేర్పుకొనిరి. నాణె మొకటితో గంటలకొలది ఆడిరి. పెట్టెలు పెట్టినవారికి ఇది నష్టమయ్యెను. ఆటకు మాత్ర మిది సంప్రదాయ మయ్యెను. నోటినుండి నోటికి పోవు విద్య ఏర్పడినపుడే ఒక ఆట వ్యాపారవస్తువు స్థితిని దాటి జనులసొత్తు అగుచున్నది.

మన సీమకు ఈ ఆటలు మఱియొక రూపమున వచ్చెను. నిలువెత్తు పెట్టె ఖరీదైనది. 1990ల నాటికి మా పారిశ్రామిక పేటలలో, టీవీకి తగిలించు ఆటపరికరమును తెచ్చి, గంట కింత యని పుచ్చుకొని ఆడించు చిన్న దుకాణములు వెలసెను. నేను చూచినది ఒక సైకిలు మరమ్మతు అంగడి ప్రక్కనున్న రేకుల గది. రెండు టీవీలు, నాలుగు ముక్కాలిపీటలు, గోడకు ఒక గడియారము. ఆటను పిల్లలు "క్యాసెట్టు" అనెడివారు. తండ్రులు సెకండు షిఫ్టునకు పోయిన సాయంకాలములలో కొడుకులు అచట చేరెడివారు. ఆడువాడు ఒక్కడు, వెనుక నిలుచుండి "కుడికి, కుడికి" అని కేకలు వేయువారు ఆఱుగురు. నాకు ఆటకంటె ఆ కేకలే ఎక్కువ జ్ఞప్తి యున్నవి. ఆ గదిలో నాణెపుపెట్టె లేదు, జపాను లేదు, అమెరికా లేదు. ఐనను తఱుముటయు తప్పించుకొనుటయు అవే. పెట్టె మారినను ఆట బ్రదికియుండునని నేను మొదట గ్రహించినది ఆ గదిలోనే.

అమెరికాలో ఆటపెట్టెల వైభవము ఎంతోకాలము నిలువలేదు. 1983లో ఇంటి ఆటపరికరముల వ్యాపారము అచట కూలెను. కొన్నేండ్లకు నింటెండో మొదలగు వారి పరికరములతో అది మరల లేచి, ఆటను వీథినుండి ఇంటిలోనికి తెచ్చెను. ఆటశాలలు మూతబడెను. పెట్టెలు గోదాములకు, పిదప తుక్కునకు పోయెను. మిగిలినవానిని కొందఱు వెదకి, బాగుచేసి, ఇండ్లలో నిలుపుకొనిరి. 2012లో న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయము తన సేకరణమునకు మొదటిసారి 14 ఆటలను ఎన్నుకొనగా వానిలో పాక్‌మాన్ ఒకటి. 2015లో అమెరికాలోని రాచెస్టరు నగరమున స్ట్రాంగ్ అను ఆటల సంగ్రహాలయమువారు ఆటలకు కీర్తిమందిరమును నెలకొల్పి, తొలి యేటనే దీనికి చోటిచ్చిరి. రెండు తరములనాడు కాలక్షేపమని తల్లిదండ్రులు కసరిన వస్తువు ఇట్లు కళాఖండమయ్యెను.

పెట్టెకు చిన్న ప్రతిమలు చేయుట నేడు పుట్టినది కాదు. 1981లోనే కోలికో అను అమెరికా సంస్థ బల్లపై పెట్టుకొని బ్యాటరీలతో ఆడదగిన బుల్లిపెట్టెను చేసెను. తరువాత బ్రిటనుకు చెందిన నంస్కల్ సంస్థ అసలుపెట్టెకు నాలుగవవంతు కొలతతో, ఆడుటకు వీలైన ప్రతిమను చేసెను. కాని నేను మొదట చెప్పిన 2023 నాటి ప్రతిమ వేఱుజాతిది. అది డెన్మార్కునకు చెందిన లెగో సంస్థ చేసినది. 2,651 ముక్కలు, వానిని కొన్నవాడే కూర్చుకొనవలెను. కూర్చిన పిదప సుమారు 32 సెంటీమీటర్ల ఎత్తు. అమెరికాలో దాని తొలివెల 269 డాలర్ల 99 సెంట్లు. అంత పెట్టి కొన్నదానితో ఆడుటకు వీలు లేదు. ప్రక్కనున్న పిడిని త్రిప్పినచో పసుపు మొగమును దయ్యములును నిర్ణీతమైన దారిలో కదలును. నాణెపు బెజ్జమును నొక్కిన దీపము వెలుగును. వెనుకరేకు తీసి చూచిన, లోని పండ్లచక్రముల పని కనబడును. అంతే. ఎవడును గెలువడు, ఎవడును ఓడడు.

లెగో కథయు కొయ్యతోనే మొదలైనదని ఇచట చెప్పవలెను. 1932లో బిల్లుండ్ అను పల్లెలో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అను వడ్రంగి, పని దొరకని కఱవుదినములలో కొయ్యబొమ్మలు చేయ మొదలిడెను. నేటి ప్లాస్టికు ఇటుకకు 1958లో పేటెంటు పుచ్చుకొనిరి. అనగా యోకొహామా మిద్దెపైని కొయ్యగుఱ్ఱములును, బిల్లుండ్ వడ్రంగి కొయ్యబొమ్మలును ఈ ఒక్క వస్తువునందు కలిసినవి. మన నిర్మల పట్టణమున పొనికికఱ్ఱ చెక్కు నకాషీ పనివాడు ఈ కథ వినిన, ఆ ఇరువురు మొదట తనవంటివారే కదా యనుకొనును. ప్లాస్టికు దాణాను కరిగించి డైలోనికి నెట్టి ముక్కలు తీయు పని మా పేటలలోని కార్మికులకు తెలిసినదే. 1958 నాటి ఇటుక నేటి ఇటుకతో బిగియవలెనన్న, డై వెండ్రుకవాసి తప్పరాదని వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఐతే ఆడుటకు రాని ఆటబొమ్మ యెందుకు? ఇది వట్టి వెఱ్ఱి యనువా రున్నారు. నేను అట్లనను. మన బొమ్మలకొలువును చూడుడు. కొండపల్లి బొమ్మలలో తాడిచెట్టెక్కు గీతకార్మికుడు, దంచెడి స్త్రీ, పల్లకిమోయు బోయలు కొలువుతీరియుందురు. పల్లకి పోయినది, రోకలి మూలబడినది. బొమ్మ మాత్రము ఏటేట పెట్టెలోనుండి దిగి మెట్టెక్కుచున్నది. "అమ్మమ్మా, ఇదేమి?" అని పిల్ల అడుగును, అమ్మమ్మ చెప్పును. బొమ్మ చేయు పని యదియే. తాను చెప్పజాలదు, చెప్పువానిచే చెప్పించును. కూర్చినవాడు తన పిల్లలకు చక్రము లెట్లు తిరుగునో చూపుచు, తన చిన్ననాటి ఆటశాలను వర్ణించినయెడల ఆ 2,651 ముక్కలు సార్థకములే.

కాని బొమ్మకు ఒక హద్దు కలదు. అది రూపమును కాపాడును, ఆటను కాపాడజాలదు. ఏలయన ఆట యనునది నియమము. నాలుగు దయ్యముల స్వభావములు, 7 సెకండ్ల విరామము, వేట తలక్రిందులగుట, ఇదియే పాక్‌మాన్. పిడి త్రిప్పిన ఒకే దారిన తిరుగు బొమ్మలో ఈ నియమము లేదు. దీని ప్రమాద మెట్టిదో తెలియుటకు జపానునకు పోనక్కఱలేదు. మన పాత దేవాలయముల మండపములలో నేలపలకలపై పులి-మేక గీతలు చెక్కియుండుట మీలో పలువురు చూచియుందురు. రాయి యున్నది, గీత యున్నది. ఆ గీతలపై కూర్చుండి ఫలహారము చేయు పిల్లలలో ఆట తెలిసినవారెందఱు? సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో మన పూర్వుల ఆటలను గూర్చి శ్రద్ధతో వ్రాసిరి. రాజుల యుద్ధములవలె జనుల ఆటలును చరిత్రయే యని ఆయన యెఱుగును. ఆయన పేర్కొన్న ఆటలలో కొన్నింటికి నేడు పేరు మాత్రమే మిగిలినది. గీత మిగిలి ఆట పోవుట యనగా నిదియే.

ఇచట మా పటాన్‌చెరువుననే ఒక ఉపమానము దొరకుచున్నది. 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనసంస్థలో విత్తనముల భాండాగారము కలదు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ, చిరుధాన్యముల నమూనాలు లక్షకు మించి, 140కి పైబడిన దేశములనుండి వచ్చినవి, అచట చలిగదులలో నున్నవి. దీర్ఘకాలము దాచవలసినవానిని సున్నకు 20 డిగ్రీల దిగువ నుంచుదురు. అంతటితో పని తీఱదు. విత్తనము మొలకెత్తు శక్తి తగ్గుచున్నదని పరీక్షలో తేలినపుడు దానిని పొలమున విత్తి, పండించి, క్రొత్త విత్తును మరల దాచుదురు. ఒక దేశమున పోయిన రకమును అచటికే తిరిగి పంపిన సందర్భములును కలవు. జొన్నకంకిని ఎండగట్టి గాజుపెట్టెలో పెట్టుట ఒక రీతి; విత్తును మొలకెత్తునట్లు కాపాడుట ఒక రీతి. రెండును కావలసినవే, కాని రెండును ఒకటి కావు.

ఆటల విషయమునను ఈ రెండవ రీతి యొకటి పుట్టినది. 1997లో ఇటలీదేశీయుడగు నికోలా సల్మోరియా, పాత ఆటపెట్టెల లోపలి యంత్రములను నేటి కంప్యూటరు అచ్చముగ అనుకరించునట్లు ఒక సాధనమును రచించెను. మేమ్ అని దాని పేరు. అది మొట్టమొదట నడిపిన కొద్ది ఆటలలో పాక్‌మాన్ ఒకటి. తెఱ పగిలినను, పలక కాలినను, ఆ 16 కిలోబైట్ల ఆజ్ఞలు చెడక చేతికి వచ్చినచో ఆట మరల మొలకెత్తును. 256వ మెట్టున కలుగు ఆ చిందరవందర కూడ యథాతథముగ కనబడును. ఇది విత్తనపు భాండాగారము, లెగోవారిది బొమ్మలకొలువు.

ఇంకొక లోపమును కూడ చెప్పి ముగింతును. 1980 నాటి పెట్టె, ఎవరును ఆడకుండ నున్నపుడు, నాలుగు దయ్యముల పేళ్లను, ముద్దుపేళ్లను తెఱపై చూపెడిది. ఆటను చేసినవారి పేళ్లు మాత్రము చూపలేదు. ఇవతాని పేరు పిమ్మట ప్రపంచమునకు తెలిసెను. ఫునాకి, కాయ్ పేళ్లు ఆటలచరిత్ర చదువువారికి తెలియును. మిడ్‌వే శాలలో పెట్టెలు బిగించిన చేతుల పేళ్లు ఎవరికిని తెలియవు. ఈ లోపము మనకు పరాయిది కాదు. మా సీమ కర్మాగారములలోనుండి వెడలిన యంత్రములపై సంస్థపేరు గల రేకు ఉండును, సంవత్సర ముండును. పోతపోసినవాని పేరు, పండ్లు కోసినవాని పేరు ఉండవు.

2016 అక్టోబరు 11వ తేదీన సంగారెడ్డి ప్రత్యేకమైన జిల్లా యయ్యెను. క్రొత్త జిల్లాకు తన చరిత్రను తాను కూర్చుకొను బాధ్యత కలదు. మా తండ్రుల తరము నడిపిన లేతులు, పోతశాలల కొయ్యనమూనాలు, జహీరాబాదు లారీలు, ఇవి తుక్కునకు పోకముందే ఒక్కొక్కటి నిలుపుకొనుట మన పని. నిలుపుకొనునపుడు మూడింటిని కలిపి నిలుపవలెనని పాక్‌మాన్ చరిత్ర మనకు చెప్పుచున్నది. మొదటిది రూపము, దానికి బొమ్మ చాలును. రెండవది నడక, అందుకు యంత్రమును తిరుగునట్లుంచి, త్రిప్పుట యెఱిగిన పెద్దలచేత పిల్లలకు నేర్పింపవలెను. మూడవది పేరు; అందుకు ఒక పలక, ఒక పుస్తకము, ఇంకను బ్రదికియున్న పనివానికడ కూర్చుండి వినుటకు ఒక సాయంకాలము చాలును. రంగువేసి ద్వారముకడ దిమ్మెపై నిలిపిన యంత్రము అందముగనే యుండును. కాని దానిని నడపిన పనివాడు పింఛను పుచ్చుకొని ఆ వీథినే పోవుచుండగా, అది యెట్లు తిరిగెనని ఎవరును అడుగనియెడల, ఆ దిమ్మె ఆట మఱచిన పులి-మేక రాయికంటె మేలైనది కాదు.

ఈ సంక్రాంతికి మీ యింట కొలువు పెట్టునపుడు ఒక మెట్టుపై మీ తండ్రి పనిచేసిన యంత్రపు బొమ్మను, అట్టతోనో కఱ్ఱతోనో చేసి, పెట్టుడు. పిల్లలు అడిగినపుడు చెప్పుటకు ఆయనను ప్రక్కనే కూర్చుండబెట్టుడు. సాయంకాలము నేలపై బొగ్గుతో పులి-మేక గీచి ఒక్క ఆట ఆడుడు. చూచుటకు బొమ్మ, ఆడుటకు ఆట, చెప్పుటకు మనిషి, మూడును ఒక్క యింటనే దొరకును.